పడిపోతున్న ఫోన్ కంపెనీ షేరు కొనాలా? బ్లాక్‌బెర్రీ లెక్కలతో సాధన చేయడం ఎలా

ఒక షేరు 140 డాలర్ల నుంచి 8 డాలర్లకు జారిందనుకోండి. దాని చుట్టూ రెండు జట్లు తయారవుతాయి. "ఇంకేం పడుతుంది, నాలుగు కొని పక్కన పడెయ్" అంటుంది ఒక జట్టు. "ఏడాది తిరక్కుండా తాళం పడుతుంది, చూస్తూ ఉండు" అంటుంది రెండోది. అంకెలు ఇద్దరి దగ్గరా ఉంటాయి. మధ్యలో మీరు, మీ బొటనవేలు 'బై' బటన్ మీద. ఆ వేలు నొక్కేలోపు చేసుకోవాల్సిన పనులు రాస్తున్నాను. ఫలానా షేరు కొనండి, అమ్మండి అని చెప్పడం నా ఉద్దేశం కాదు.

సాధనకు బ్లాక్‌బెర్రీని తీసుకుందాం. కెనడాలోని వాటర్లూ దీని ఊరు. 2013 జనవరి దాకా పేరు రీసెర్చ్ ఇన్ మోషన్. 2011 ఆర్థిక సంవత్సరంలో 1,990 కోట్ల డాలర్ల ఆదాయం, 2013 నాటికి 1,107 కోట్లు. 2008లో 140 డాలర్లు దాటిన షేరు ఇదే. ఫోన్ల వరకూ ఈ కథ ముగిసిపోయింది కాబట్టి, లెక్కల పుస్తకం వెనక జవాబులు చూసుకున్నట్టు, మనం ఎక్కడ తప్పామో సరిచూసుకోవచ్చు. అయితే జవాబులు ముందే చూడొద్దు. ఈ రోజు 2013 సెప్టెంబర్ 27, శుక్రవారం అనుకోండి. కంపెనీ ఇప్పుడే ఆగస్టు ఆఖరుతో ముగిసిన మూడు నెలల ఫలితాలు బయటపెట్టింది. 96.5 కోట్ల డాలర్ల నష్టం. 4,500 మందిని తీసేస్తామని వారం కిందటే ప్రకటించింది. షేరు 8 డాలర్ల దగ్గర ఊగుతోంది.

1. ముందు ప్రశ్నను మూడు ముక్కలు చేయండి

"కంపెనీ కోలుకుంటుందా?" అని అడిగితే వాదన ఎప్పటికీ తెగదు, ఎందుకంటే అందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. కంపెనీ అనే సంస్థ మిగులుతుందా? దాని ఫోన్ల వ్యాపారం మిగులుతుందా? ఈ రోజు ధరకు కొన్నవాడికి నాలుగు డబ్బులు మిగులుతాయా? కాగితం మీద మూడు గళ్లు గీసి, వినే ప్రతి మాటనూ ఏదో ఒక గడిలో వేయండి. "వీళ్ల కీబోర్డుకి సాటి లేదు" అనేది రెండో గడి. "అప్పు లేదు" అనేది మొదటి గడి. మూడో గడిలో పడే మాటలు ఎంత తక్కువో మీకే తెలుస్తుంది.

ఇంకో చిన్న పని. గట్టిగా వాదించేవాణ్ని, ఎంతకు కొన్నావని అడగండి. 60 డాలర్లకు కొని, 30లో ఇంకొన్ని కొని యావరేజ్ చేసి, 15లో మళ్లీ యావరేజ్ చేసినవాడు కంపెనీ గురించి మాట్లాడుతున్నట్టే ఉంటాడు గానీ తన గాయం గురించి మాట్లాడుతుంటాడు. షేరు పడుతుందని పందెం కట్టి షార్ట్ కొట్టినవాడూ అంతే.

2. నగదును షేర్లతో కాదు, నెలలతో భాగించండి

ఆ రోజు కొనుగోలు జట్టు దగ్గరున్న గట్టి ఆయుధం ఇది: చేతిలో 260 కోట్ల డాలర్ల నగదు, పెట్టుబడులు ఉన్నాయి, అప్పు సున్నా. షేర్లు సుమారు 52.4 కోట్లు. భాగిస్తే షేరుకు 5 డాలర్లు. "8 పెట్టి కొంటే 5 మన చేతికే తిరిగొచ్చినట్టు, మిగతా కంపెనీ అంతా 3 డాలర్లకే!" వినడానికి పెళ్లిలో వెండి పళ్లెం ఉచితంగా ఇచ్చినంత బాగుంటుంది.

ఆ నగదు మీ జేబులో లేదు, నష్టపోతున్నవాడి జేబులో ఉంది. కాబట్టి కిందటి మూడు నెలల అంకెను దీని పక్కన పెట్టి పోల్చండి: అప్పుడు 310 కోట్లు. అంటే 90 రోజుల్లో 50 కోట్లు ఆవిరి. ఇదే వేగంతో పోతే ఐదు క్వార్టర్లలో (క్వార్టర్ అంటే మూడు నెలలు) ఖాళీ. తలుపులు మూసే కంపెనీకి ఇది చాలా సమయం, కోలుకోవాల్సిన ఫోన్ కంపెనీకి చాలా తక్కువ. కొత్త మోడల్ గీసి, విడిభాగాలు కుదుర్చుకుని, టెలికాం కంపెనీల చేత పరీక్ష చేయించి అంగట్లోకి తేవడానికే ఏడాది దాటుతుంది.

ఇక్కడే ఒక మాయ ఉంది. దానికి ముందు క్వార్టర్‌లో కంపెనీకి 8.4 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది, అయినా నగదు 290 నుంచి 310 కోట్లకు పెరిగింది. ఎలా? అమ్మకాలు కుంగే కంపెనీలో పాత బాకీలు వసూలవుతూ ఉంటాయి, కొత్త సరుకు కోసం పెట్టే ఖర్చు తగ్గుతుంది, సరఫరాదారుల బిల్లులు కొంచెం ఆలస్యంగా కడతారు. అందుకే కుంగుతున్న వ్యాపారంలో కొన్నాళ్లు నగదు పెరిగినట్టే కనిపిస్తుంది. పొలం కౌలుకిచ్చి ఎడ్లను అమ్మేసిన రైతు దగ్గర ఆ ఏడాది డబ్బు ఆడుతుంది. క్యాష్ ఫ్లో పట్టికలో రావాల్సిన బాకీలు, సరుకు నిల్వ, ఇవ్వాల్సిన బిల్లులు అనే మూడు వరుసలు చూస్తే, వచ్చిన డబ్బు సంపాదనో, ఎడ్ల అమ్మకమో తెలిసిపోతుంది.

ఈ కాగితాలు ఎక్కడ దొరుకుతాయంటారా? అమెరికాలో లిస్టయిన కంపెనీలవి అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఎడ్గర్ సైట్‌లో ఉచితం. 2013లో బ్లాక్‌బెర్రీ వార్షిక నివేదిక 40-ఎఫ్ అనే పేరుతో ఉండేది. మన కంపెనీలవైతే బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్లలో ఉంటాయి. మొదటి పేజీలోని సీఈఓ ఉత్తరం వదిలేసి, వెనక నోట్స్‌తో మొదలుపెట్టండి.

3. సరుకు ఎక్కడుందో కనిపెట్టండి

ఇది కొంచెం సాగదీసి చెప్పాలి, ఎందుకంటే ఫోన్ కంపెనీలు ఎక్కువగా ఇక్కడే చస్తాయి.

మా చిన్నాన్న కొడుకు భీమవరంలో సెల్‌ఫోన్ల షాపు నడిపేవాడు. ఒక దసరాకి ఒక కంపెనీ ఏజెంటు వచ్చి, టార్గెట్ దాటితే స్కీమ్ ఉందని ఆశపెట్టి నలభై పీసులు దించి వెళ్లాడు. నేను సంక్రాంతికి వెళ్తే ఇరవై ఆరు డబ్బాలు మంచం కింద కనిపించాయి, సీలు కూడా తీయలేదు. "అన్నయ్యా, ఇవి ఇప్పుడు కొన్న ధరకి కూడా పోవు. పైన కొత్త మోడల్ వచ్చేసింది" అన్నాడు వాడు. ఏజెంటు పుస్తకంలో మాత్రం ఆ నలభై దసరానాడే అమ్ముడైపోయాయి. కంపెనీ వాళ్ల ప్రకటనలో కూడా అవి 'అమ్మకాలే' అయ్యుంటాయి.

పరిశ్రమ భాషలో దుకాణానికి పంపితే సెల్-ఇన్, మనిషి చేతిలో పడితే సెల్-త్రూ. ఇప్పుడు మన శుక్రవారం నివేదిక చూడండి. బ్లాక్‌బెర్రీ ఆ మూడు నెలల్లో 37 లక్షల ఫోన్లను ఆదాయంలో చూపించింది. కానీ జనం కొన్నవి 59 లక్షలని చెప్పింది. కొనుగోలు జట్టు ఎగిరి గంతేసింది: "చూశారా, 59 లక్షలు! గిరాకీ ఉంది!" నిజమే, ఉంది. కానీ అందులో చాలా భాగం అంతకుముందే దుకాణాలకు పంపి, అప్పుడే ఆదాయంలో రాసేసుకున్న ఫోన్లు. అంటే జనం కొన్నది పాత నిల్వ. దానికి తోడు ఆదాయంలో చూపిన 37 లక్షల్లో ఎక్కువ భాగం పాత బ్లాక్‌బెర్రీ 7 మోడళ్లు. ఆ జనవరిలో ఆర్భాటంగా విడుదల చేసిన కొత్త జెడ్10 అరల్లోనే ఉండిపోయింది. ఎంతగా అంటే, దుకాణానికి పంపిన జెడ్10ను ఇక అమ్మకంగా రాసుకోలేక, మనిషి చేతిలో పడ్డాకే రాసుకుంటామని కంపెనీయే ఒప్పుకుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అది.

అదే క్వార్టర్‌లో ముఖ్యంగా జెడ్10 నిల్వ మీద 93.4 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేశారు. నష్టంలో పెద్ద భాగం అదే. "ఇది ఒక్కసారి ఖర్చు, దీన్ని తీసేస్తే నష్టం చాలా చిన్నది" అనే మాట మీకు తప్పకుండా వినిపిస్తుంది. అప్పుడు రెండేళ్లు వెనక్కి వెళ్లండి. 2011 డిసెంబర్‌లో ప్లేబుక్ ట్యాబ్లెట్ నిల్వ మీద 48.5 కోట్లు రాసేశారు, అప్పుడూ ఒక్కసారే అన్నారు. ఇక జవాబుల పేజీ కొంచెం తెరుస్తున్నాను: తర్వాతి క్వార్టర్‌లో నిల్వ, సరఫరా ఒప్పందాల మీద ఇంకో 160 కోట్లు పోయాయి. రెండేళ్లలో మూడుసార్లు వచ్చేదాన్ని మన ఊళ్లో ఒక్కసారి ఖర్చు అనం, అలవాటు అంటాం.

'సరఫరా ఒప్పందాలు' అన్నాను కదా, దాన్ని దాటిపోవద్దు. ఫోన్ల తయారీదారు చిప్పులు, తెరలు, కెమెరాలు నెలల ముందే కొంటానని మాటిచ్చేస్తాడు. ఆ మాట బ్యాలెన్స్ షీట్‌లో అప్పుగా కనపడదు, నోట్స్‌లో 'పర్చేజ్ కమిట్‌మెంట్స్' పేరుతో ఉంటుంది. "అప్పు సున్నా" అన్నవాడికి ఈ వరుస చూపించండి. ఫోను బియ్యం బస్తా కాదు, టమాటా గంప. ఎన్ని గంపలకు అడ్వాన్సు ఇచ్చాడో తెలియకుండా వ్యాపారి అప్పుల్లేనివాడని ఎలా అంటాం?

4. శాతాన్ని డాలర్లలోకి మార్చండి

బ్లాక్‌బెర్రీకి ఫోన్లతో పాటు ఒక బంగారు బాతు ఉండేది. మెయిళ్లు, మెసేజ్‌లు కంపెనీ సొంత నెట్‌వర్క్ మీదుగా నడిచేవి కాబట్టి, ఒక్కో వాడకందారు మీద టెలికాం కంపెనీలు నెలనెలా రుసుము కట్టేవి. చాలా లాభసాటి ఆదాయం. "ఫోన్లు పోతే పోనీ, సేవలు ఉన్నాయిగా" అనే వాదన దీని మీదే నిలబడింది.

ఆ వాదనకు ఊతంగా ఒక అంకె: మొత్తం ఆదాయంలో సేవల వాటా ఒక్క క్వార్టర్‌లో 26 శాతం నుంచి 46 శాతానికి ఎగిరింది. అద్భుతం కదా? క్యాలిక్యులేటర్ తీయండి. మొదటిది 307 కోట్ల డాలర్లలో 26 శాతం, అంటే సుమారు 80 కోట్లు. రెండోది 157 కోట్లలో 46 శాతం, అంటే సుమారు 72 కోట్లు. వాటా పెరిగింది, డబ్బు తగ్గింది. ఫోన్ల ఆదాయం 218 కోట్ల నుంచి 77 కోట్లకు కూలింది కాబట్టి పక్కనున్నది పొడుగ్గా కనిపించిందంతే. జవాబుల పేజీ ప్రకారం, ఆ తర్వాతి క్వార్టర్‌లో వాటా 53 శాతం, డబ్బు సుమారు 63 కోట్లు.

వాడకందారుల సంఖ్య కూడా చూడండి. 2012 సెప్టెంబర్‌లో 8 కోట్లు, 2013 జూన్‌కి 7.2 కోట్లు. ఆ తర్వాత? ఆ సంఖ్య ఇక చెప్పబోమని కంపెనీ ప్రకటించింది. ఏ కంపెనీ అయినా నిన్నటిదాకా ఊదరగొట్టిన లెక్కను ఇవాళ చెప్పడం మానేస్తే, నా అనుభవంలో అంతకు మించిన సంకేతం లేదు. మార్కులు బాగా వచ్చిన పిల్లాడు ప్రోగ్రెస్ కార్డు దాచడు.

అసలు మెలిక ఇంకా లోపల ఉంది. జెడ్10 లాంటి కొత్త బ్లాక్‌బెర్రీ 10 ఫోన్లకు మామూలు జనం వాడకంలో ఆ సొంత నెట్‌వర్క్ అవసరం లేదు, కాబట్టి పాత రుసుము రాదు. అంటే కొత్త ఫోను ఎంత బాగా అమ్ముడైతే పాత ఆదాయం అంత వేగంగా కరుగుతుంది. అమ్ముడు కాకపోతే నిల్వ చంపుతుంది, అమ్ముడైతే రుసుము పోతుంది. వాదనలో రెండు జట్లూ జెడ్10 బాగుందా లేదా అని కొట్టుకుంటుంటే, ఈ ఒక్క ప్రశ్న అడగండి: కొత్త వస్తువు గెలిస్తే పాత డబ్బు ఏమవుతుంది?

5. "ఎవడో ఒకడు కొనేస్తాడులే" అన్న మాటకు రశీదు అడగండి

2009లో నోర్టెల్ అనే మరో కెనడా కంపెనీ దివాలా తీస్తే, 2011లో దాని పేటెంట్లను 450 కోట్ల డాలర్లకు ఒక కూటమి కొంది. ఆ కూటమిలో బ్లాక్‌బెర్రీ కూడా ఉంది. అప్పట్నుంచి బ్లాక్‌బెర్రీ పేటెంట్లు వందల కోట్లు పలుకుతాయని కొనుగోలు జట్టు లెక్కలు కట్టింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. చివరికి ఆ పేటెంట్లలో ఎక్కువ భాగం అమ్ముడైంది 2023లో: ముందు చేతికొచ్చింది 17 కోట్లు, మిగతాది ఏళ్ల తరబడి, అన్నీ కలిసొస్తే మొత్తం 90 కోట్ల దాకా. పదేళ్లు ఆగినందుకు దక్కిన ధర అది.

ఇంకో ఉదాహరణ ఆ నెలలోనే కళ్ల ముందుంది. సెప్టెంబర్ 3న నోకియా తన ఫోన్ల విభాగాన్ని 544 కోట్ల యూరోలకు మైక్రోసాఫ్ట్‌కి ఇచ్చేందుకు ఒప్పుకుంది. "చూశారా, దిక్కులేని నోకియాకే ఇంతొచ్చింది" అన్నారు. నోకియా అమ్మింది కాబట్టి బతికింది. కొన్నవాళ్ల సంగతి 2015 జులైలో తేలింది: స్టీవ్ బామర్ కాలంలో కుదిరిన ఆ బేరం మీద, తర్వాత సీఈఓ అయిన సత్య నాదెళ్ల 760 కోట్ల డాలర్లు రాసేయాల్సి వచ్చింది. కొనేవాడు ఒకసారి కాలు కాల్చుకున్నాక రెండోవాడు పొయ్యి దగ్గరకు రాడు.

6. పెద్దమనిషి మాట కాదు, ఆయన కూర్చున్న కుర్చీ చూడండి

ఈ కథలో పెద్దమనిషి హైదరాబాద్‌లో పుట్టినవాడే: ప్రేమ్ వత్స. మద్రాసు ఐఐటీలో చదివి, కెనడా వెళ్లి, టొరంటోలో ఫెయిర్‌ఫాక్స్ ఫైనాన్షియల్‌ను పెంచిన పెట్టుబడిదారు. (నాదెళ్ల, వత్స ఇద్దరూ బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పూర్వ విద్యార్థులే. ప్రపంచంలో కుదేలైన రెండు ఫోన్ కంపెనీల బరువు ఒకే బడి వాళ్ల మీద పడడం ఏం విచిత్రమో!) ఫెయిర్‌ఫాక్స్‌కి అప్పట్లో బ్లాక్‌బెర్రీలో పదో వంతు వాటా ఉండేది. 2013 సెప్టెంబర్ 23న, మన శుక్రవారానికి నాలుగు రోజుల ముందు, షేరుకు 9 డాలర్ల చొప్పున, మొత్తం 470 కోట్లకు కంపెనీని కొంటామని ఒక ప్రతిపాదన ఇచ్చింది.

"వత్స 9 ఇస్తానంటుంటే 8కి దొరుకుతోంది, కళ్లు మూసుకుని కొను" అనే మాట అప్పుడు మంత్రంలా తిరిగింది. మీరు కళ్లు తెరిచి చూడాల్సింది: అది కట్టుబడే ఒప్పందం కాదు, ఉద్దేశం చెప్పే ఉత్తరం. లెక్కలు పరిశీలించాక, అప్పు పుట్టాక మాత్రమే. నిజంగా డబ్బు సిద్ధంగా ఉందని నమ్మితే షేరు 9కి అంటుకుని ఉండేది. ఆ తర్వాతి వారాల్లో అది 8 చుట్టూనే తిరిగింది. మధ్యలోని ఆ ఒక్క డాలరు మార్కెట్ పెట్టుకున్న అనుమానం.

నవంబర్ 4న ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. దాని బదులు ఫెయిర్‌ఫాక్స్, మరికొందరు కలిసి 100 కోట్ల డాలర్లు ఇచ్చారు, కానీ షేర్లు కొనలేదు. 6 శాతం వడ్డీ వచ్చే డిబెంచర్లు, అంటే అప్పు పత్రాలు, తీసుకున్నారు, కావాలంటే 10 డాలర్ల చొప్పున షేర్లుగా మార్చుకోవచ్చు. ఫెయిర్‌ఫాక్స్ వంతు 25 కోట్లు. సీఈఓ థోర్‌స్టెన్ హైన్స్ వెళ్లిపోయి జాన్ చెన్ వచ్చాడు. షేరు ఆ రోజు 6.50 దగ్గరకు జారింది. కంపెనీ మీద నమ్మకం ఉన్న మనిషే కొత్త డబ్బు పెట్టేటప్పుడు అప్పిచ్చినవాళ్ల వరుసలో కూర్చున్నాడు, వడ్డీ అందుతూ, ఏదైనా అయితే మీకంటే ముందు తీసుకునేలా. మీ చేతిలోని మామూలు షేరుకి ఆ కుర్చీ లేదు. "ఫలానా ఆయన పెట్టాడు" అని వినగానే "దేనిలో పెట్టాడు?" అని అడగండి.

7. "ఆపిల్ కూడా 1997లో..." దగ్గర ఎక్కువసేపు ఆగొద్దు

ఈ వాదన ఎప్పుడూ వస్తుంది. ఆపిల్ ఆ ఏడాది 100 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయిందని, మైక్రోసాఫ్ట్ 15 కోట్లు పెట్టిందని, స్టీవ్ జాబ్స్ కంపెనీని నిలబెట్టాడని. అన్నీ నిజం. అయితే జాబ్స్ మోడళ్లను కోసేశాడని, 1998లో చేరిన టిమ్ కుక్ గిడ్డంగులు మూయించి సరుకు నిల్వను నెలల నుంచి రోజులకు దించాడని ఆ చెప్పేవాళ్లు చెప్పరు. కోలుకునే కంపెనీ ముందు చిన్నదవుతుంది. బ్లాక్‌బెర్రీలో ఆ పని జాన్ చెన్ చేశాడు: 2013 డిసెంబర్‌లో ఫోన్ల తయారీని, నిల్వ బాధ్యతను వేరే కంపెనీలకు ఫోన్లు తయారుచేసిపెట్టే ఫాక్స్‌కాన్‌కి అప్పగించాడు. అంతకుముందు సైబేస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని ఒడ్డున పడేసిన మనిషి కదా, మంట ఎక్కడుందో సరిగ్గానే పట్టుకున్నాడు.

8. ఇప్పుడు కాగితం మీద రాయండి, తర్వాత జవాబులు చూడండి

శుక్రవారం సాయంత్రం నా కాగితం ఇలా ఉండేది. మొదటి గడి: సంస్థ బతకొచ్చు, నగదు ఉంది, తెచ్చిన అప్పులు లేవు. రెండో గడి: ఫోన్లు పోతాయి, గెలిచినా ఓడినా డబ్బు కరుగుతోంది. మూడో గడి: 8 డాలర్లకు ఇప్పుడు కొనను. సేవల ఆదాయం డాలర్లలో వరుసగా రెండు క్వార్టర్లు తగ్గకుండా నిలబడి, నిల్వ మీద కొత్త రాసివేతలు ఆగితే మళ్లీ చూస్తాను. కొనేసి ఉంటే, అప్పు తెచ్చినది తీసేశాక నగదు 200 కోట్ల కిందకు పోయిన రోజు బయటకు వస్తాను.

జవాబులు: నవంబర్ ఆఖరుకి నగదు 320 కోట్లు, అందులో 100 కోట్లు తెచ్చిన అప్పే. ఆ క్వార్టర్ నష్టం 440 కోట్లు, సంవత్సరం మొత్తానికి 587 కోట్లు. కంపెనీ దివాలా తీయలేదు. 2016 సెప్టెంబర్‌లో సొంతంగా ఫోన్లు తయారుచేయడం ఆపేసింది. 2022 జనవరి 4న పాత ఫోన్ల సేవలు ఆగిపోయాయి. 2010లో 20 కోట్లకు కొన్న క్యూఎన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ కార్లలోకి ఎక్కి కంపెనీని మోస్తోంది. 2013 నాటి వాదనల్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, నా కాగితంలోనూ లేదు. తాళం పడుతుందన్నవాళ్లు మొదటి గడిలో తప్పారు, ఫోన్లు కోలుకుంటాయన్నవాళ్లు రెండో గడిలో తప్పారు. మూడో గడిలో ఏళ్ల తరబడి ఎవరూ పెద్దగా గెలవలేదు.

2021 జనవరిలో మాత్రం, గేమ్‌స్టాప్ అనే కంపెనీ షేరును చిన్న మదుపరులు ఇంటర్నెట్‌లో కూడబలుక్కుని ఎగదోసిన గోలలో, ఈ షేరు కూడా 25 డాలర్లు దాటి ఎగిరింది. ఏడేళ్లకు పైగా పట్టుకున్నవాళ్లు "నేను చెప్పలా" అన్నారు. వాళ్లు చెప్పిన కారణాల్లో గేమ్‌స్టాప్ లేదు. మీకు అలాంటి రోజు వస్తే కాగితం తీసి చూడండి. ఆ కారణం అందులో లేకపోతే, లెక్క కుదిరిందని అనుకోకుండా షేర్లు మాత్రం అమ్మేయండి. కాగితం మీద తేదీ వేయడం మర్చిపోవద్దు.